పొగబండి దారి – మట్టి మోసినవారి చరిత్ర

శ్రీరాముడు లంకకు పోవుటకై సముద్రముపై సేతువు కట్టించిన కథ వినని తెలుగువా రుండరు. ఆ సేతువునకు నలసేతువని పేరు. పని నడిపిన నలుని పేరు కట్టడమునకు నిలిచినది. కొండలు పెకలించి తెచ్చిన వానరసేనలో పేరుతో తెలిసినవారు కొలదిమందియే. అయినను మన రంగనాథ రామాయణకర్త ఆ పనిలో ఇసుక రాల్చిన చిన్న ఉడుతను మఱువలేదు. ఉడుత వీపుమీది చారలు శ్రీరాముని వ్రేళ్ల గుర్తులని పల్లెలలో ముసలమ్మలు నేటికిని చెప్పుచుందురు. పెద్దపనిలో చిన్నచేతికి చోటు చూపిన ఆ దృష్టి మెచ్చదగినది. భరతఖండమున పొగబండి దారులు వేసిన చరిత్రను ఆ దృష్టితో చదువుట యుక్తము. ఇంజనీర్ల పేర్లు, గవర్నర్ల పేర్లు, కంపెనీల పేర్లు గ్రంథములలో దొరకును. ఆ దారుల క్రింది మట్టిని ఎత్తినవారెవరు, వారెట్లు బ్రతికిరి, వారికేమి ముట్టినది అను సంగతులను వెదకి తెలిసికొనవలసి యున్నది.

మన దేశపు రైలుచరిత్రను 1853 ఏప్రిల్ 16వ తేదీతో మొదలిడుట వాడుక. ఆనాడు బొంబాయి బోరీబందరునుండి ఠాణా వఱకు 21 మైళ్లు బండి నడచెను. నాలుగువందల మంది 14 పెట్టెలలో కూర్చుండగా మూడు ఇంజనులు లాగెను. కాని ఇనుపపట్టాలపై బండ్లు నడచుట దక్షిణదేశమున అంతకు పూర్వమే కలదు. మద్రాసు చెంత రెడ్‌హిల్స్ కడ 1837లో రాయి తెచ్చుటకు పట్టాలు వేసిరి. గోదావరిపై ధవళేశ్వరమున 1847 మొదలు 1852 వఱకు ఆనకట్ట కట్టునపుడును కొండరాయిని ఏటిదరికి చేర్చుటకు పట్టాలే సాధనమయ్యెను. అనగా ఈ నేలమీద పట్టాలు మనుష్యులకంటె ముందు రాతిని మోసినవి. ఆ పనులెఱిగిన ఆర్థర్ కాటను దొరయే తరువాత ఈ దేశమునకు రైళ్లకంటె కాలువలు మేలని పట్టుదలతో వాదించుట విశేషము. ఆయన వాదము చెల్లలేదు. 1856 జూలై 1వ తేదీన మద్రాసు రాయపురమునుండి వాలాజా రోడ్డు వఱకు దక్షిణదేశపు తొలి ప్రయాణికుల బండి నడచెను. 1900 నాటికి దేశమంతట రైలుదారి సుమారు 25,000 మైళ్లకు పెరిగెను. మట్టిని త్రవ్వి ఎత్తు యంత్రములు లేని కాలమది. ఆ కట్టల మట్టి దాదాపు అంతయు మనుష్యుల తలలమీదను గాడిదల వీపులమీదను చేరినదే.

దారులు వేయుటకు ధనము ఇంగ్లండునుండి వచ్చెను. డల్హౌసీ గవర్నరు జనరలుగా నున్న కాలమున కుదిరిన ఒడంబడికలను బట్టి, కంపెనీలు పెట్టిన మూలధనమునకు సామాన్యముగా నూటికి 5 వంతున వడ్డీ ముట్టునని ప్రభుత్వము హామీ యిచ్చెను. దారికి వలయు భూమిని ఊరక యిచ్చెను. బండ్లవలన వచ్చు రాబడి చాలనిచో ఆ లోటును ఈ దేశపు పన్నులనుండి పూరించెను. కావున లండనులో వాటా కొన్నవాడు నష్టభయము లేక నిద్రపోగలిగెను. ఇట్టి హామీ కట్టపై మట్టి పోసిన కూలివానికి లేదు. వాన కురిసి పని నిలిచినచో కూలి లేదు. జ్వరము వచ్చి పడకపై నున్న కూలి లేదు. నడుమనున్నవాడు సొమ్ముతో కనబడకుండ పోయినచో, చేసిన పనికిని కూలి లేదు. ఒకే పనిలో ధనమునకు పూచీ యుండి దేహమునకు లేకపోవుటయే ఈ చరిత్ర అంతటికిని ఆయువుపట్టు.

కంపెనీలు చాలవఱకు పనిని స్వయముగా చేయింపలేదు. మైళ్లలెక్కను సీమనుండి వచ్చిన గుత్తదారుల కప్పగించెను. వారు ఉపగుత్తదారులకును, ఆ ఉపగుత్తదారులు మేస్త్రీలకును పనిని పంచిరి. మేస్త్రీ పల్లెలకు పోయి, ముందుగా కొంత సొమ్ము చేత బెట్టి, జట్టును కూర్చుకొని వచ్చెడివాడు. ఆ ముందుసొమ్ము పంటలేని నెలలలో పొయ్యి వెలిగించెడిది. పనిలో దిగిన పిదప అదియే కాలికి సంకెల యయ్యెడిది. పైనుండి దిగు రూపాయ ఒక్కొక్క మెట్టున కొంత తఱుగుచు వచ్చెడిది. నష్టము మాత్రము ఏ మెట్టునను తఱుగక అడుగున నున్నవానిపై బడెడిది.

రైలుదారి పని ముఖ్యముగా మూడు విధములు: పల్లమున కట్ట పోయుట, మిట్టను కోసి దారి తీయుట, ఏటిపై వంతెన కట్టుట. మొదటి రెండు పనులందును దక్షిణదేశమున ఆరితేరినవారు వడ్డెరలును ఉప్పరులును. చెరువులు త్రవ్వి కట్టలు పోయుట వీరికి తాతలనాటి విద్య. నీటిని ఆపుటకు నేర్చిన ఆ విద్యయే బండిని మోయు కట్టకును అక్కఱకు వచ్చెను. పశ్చిమ దక్షిణ ప్రాంతముల రైలుపనులను గూర్చిన ఆంగ్లేయుల వ్రాతలలో ‘ఉడ్డర్’ అని కనబడు పేరు వడ్డెరలదే. 1909లో థర్‌స్టన్ దొర ప్రకటించిన దక్షిణభారత కులముల గ్రంథమున వీరిలో రాతిపనివారు, మట్టిపనివారు అను రెండు శాఖలు చెప్పబడినవి. మహారాష్ట్ర, కర్ణాటక, తమిళ దేశములలో తరతరములుగా నివసించుచున్న వడ్డెరల యిండ్లలో నేటికిని తెలుగుమాట వినబడును. పనివెంట నడచిన సంచారమే దానికి ముఖ్యకారణము.

వడ్డెర పనిలో దిగెనన్న కుటుంబమంతయు దిగినట్లే. మగవాడు గడ్డపారతో నేలను పెకలించి, పారతో తట్ట నింపును. ఆడువారును ఎదిగిన పిల్లలును తట్టను తలకెత్తుకొని కట్టపై పోసి మరలుదురు. చంటిబిడ్డ చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలలో నుండును. దూరము హెచ్చైనచో గాడిదలపై మట్టి వేయుదురు. సీమనుండి వచ్చిన ఇంజనీర్లు ఒంటిచక్రపు తోపుడుబండ్లను వాడుమని బోధించిరి. పనివారు వానిని చాలచోట్ల ప్రక్కకు నెట్టి తట్టలనే నమ్ముకొనిరి. దీనిని మూఢత్వమని నవ్విన దొరలును కలరు. కాని లెక్క చూచినచో తట్టలోనే తెలివి కనబడును. తోపుడుబండికి బలమైన మగవాడును, పలకలు పఱచిన బాటయు కావలెను. తట్టకు బాట అక్కఱలేదు. అది నిటారు కట్టనైనను ఎక్కును, పదేండ్ల పిల్లకును పని కల్పించును. కూలి మనిషిని బట్టి కాక మట్టిని బట్టి యిచ్చుచుండిరి గనుక, ఇంటిల్లిపాదియు మోసిననే పూట గడచెడిది.

ఆ మట్టిని కొలుచు పద్ధతి తెలిసికొనదగినది. కట్టకు కొంత ఎడముగా నేలను చతురముగా త్రవ్వి, ఆ మట్టిని కట్టపై వేయుదురు. గుంట నడుమ ఒకటి రెండు చోట్ల మట్టిదిమ్మెను త్రవ్వక, పైనున్న గడ్డితో సహా నిలిపి యుంచుదురు. మొదట నేల యెంత ఎత్తున నుండెనో చెప్పుటకు ఆ దిమ్మెయే సాక్షి. కొలత వ్రాయువాడు వచ్చి గుంట పొడవును, వెడల్పును, దిమ్మె యెత్తును కొలిచి, హెచ్చించి, ఘనగజములు తేల్చి, దర ప్రకారము సొమ్ము కట్టును. కొలత ముగిసిన పిదపనే దిమ్మెను పడగొట్టుదురు. నేల మిట్టగా నున్నచోట దిమ్మె నిలిచిన పనివానికి లాభము, పల్లముగా నున్నచోట నిలిచిన నష్టము. కాబట్టి ఆ జానెడు మట్టిని గూర్చి తగవులు పుట్టుచుండెడివి. పొడవు, వెడల్పు, లోతు, దర, సొమ్ము తీసికొన్న మేస్త్రీ, ఇవి యన్నియు కొలతపుస్తకమున నుండును. తట్ట మోసిన యాడుదాని పేరునకు అందు గడి లేదు.

చదునునేలపై ఇట్లు సాగిన పని కొండలకడ ఎంత దారుణమయ్యెనో భోర్ ఘాటు చరిత్ర తెలుపును. బొంబాయికిని పూనాకును నడుమ సహ్యాద్రి అడ్డముగా నిలిచి యున్నది. బొంబాయినుండి రాయచూరునకు, అచటినుండి మన కడప సీమకు రావలసిన బండి ఆ కొండ నెక్కి రావలెను. ఎక్కుడు దారి పొడవు దాదాపు 16 మైళ్లు. ఎక్కవలసిన యెత్తు 1,831 అడుగులు. మిక్కిలి నిటారుగా నున్నచోట 37 అడుగుల దూరమునకు ఒక అడుగు వంతున దారి లేచును. కంపెనీ చీఫ్ ఇంజనీరు జేమ్స్ బర్క్లీ. గుత్తదారు ఫేవియెల్ 1856లో పని మొదలిడెను. 25 సొరంగములు తొలువవలసి వచ్చెను. డైనమైటు అప్పటికి పుట్టలేదు. ఉలితో సమ్మెటతో రాతిలో రంధ్రము చేసి, నల్లమందు కూరి, నిప్పంటించి పరుగెత్తవలెను. కాలు నిలువని చరియలపై పనివారిని నడుమునకు త్రాడు కట్టి దింపిరి. వారు గాలిలో వ్రేలాడుచు రాతిని తొలిచిరి.

వానకాలమున ఆ కొండపై పని దాదాపు నిలిచిపోయెడిది. కావున ఎనిమిది నెలలలో ఏడాదిపని జరుపవలెనని తొందర. వానలు వెలిసినంతనే దూరపు పల్లెలనుండి జనమును పోగుచేసిరి. 1861 జనవరిలో అచట 42,000 మంది పనిచేయుచుండిరి. అంత జనము ఒకచోట నుండిన అది పట్టణమే. పట్టణమునకు వలయు మంచినీరు గాని, పారిశుధ్యము గాని ఆ గడ్డిగుడిసెలకు లేకుండెను. కలరా మాటిమాటికి వచ్చి గుడిసెలకు గుడిసెలను ఊడ్చెను. ఆ వ్యాధిని కలిగించు క్రిమిని రాబర్ట్ కాక్ అను జర్మను వైద్యుడు కలకత్తాలో గుర్తించినది 1884లో. భోర్ ఘాటు పనివారు అంతకు రెండు పదుల యేండ్లకు పూర్వమే త్రాగిన నీటివలన చచ్చుచుండిరి. బ్రతికినవారు భయపడి ఊళ్లకు పరుగెత్తిరి. వానలు వెలిసిన పిదప, ఆకలికి తాళలేక, వారిలో ఎందఱో తిరిగి వచ్చిరి.

వ్యాధికి తోడు కూలిబాకీ. మధ్యవర్తులకడ సొమ్ము చిక్కుకొని పనివారికి ముట్టకపోవుటచే 1859 జనవరిలో వారు తిరుగబడి ఐరోపా పర్యవేక్షకులపై పడిరి. బొంబాయి ప్రభుత్వము విచారణ జరిపించెను. ఆ యేడే ఫేవియెల్ గుత్తను విడిచెను. తరువాత పని తీసికొన్న సాలమన్ ట్రెడ్‌వెల్ ఈ దేశమున కాలుపెట్టిన కొలదిదినములకే మరణించెను. ఆయన భార్య ఆలిస్ గుత్తను వదలక, అనుభవము గల ఇంజనీర్లచే నడిపించి, పని ముగింపించెను. ఆమె ధైర్యము కొనియాడదగినదే. 1863 ఏప్రిల్ 21వ తేదీన గవర్నరు బార్టిల్ ఫ్రియర్ దారిని తెఱచెను. అంతవఱకు కొండక్రింద బండి దిగి, పల్లకీలపైనను గుఱ్ఱములపైనను ఎక్కి, కొండపైన మఱియొక బండి నందుకొనుచుండిన ప్రయాణికులు ఆనాటినుండి కూర్చున్నచోటనే కూర్చుండి పూనా చేరిరి.

రైలుపనులలోని ఇట్టి తగవుల ఫలముగా 1860లో యజమానులకు పనివారికి కలుగు వివాదములను గూర్చిన చట్టము వచ్చెను. రైళ్లు, కాలువలు మొదలగు పనులలోని కూలితగవులను మేజిస్ట్రేటు శీఘ్రముగా తీర్చవలెనని దాని యుద్దేశము. పనివాడు తన కూలికై ఫిర్యాదు చేయుటకు ఒక గుమ్మము తెఱచుకొన్నది. కాని ఆ త్రాసు ముల్లు సరిగా నిలువలేదు. కూలి ఎగవేసిన యజమాని చేసినది బాకీ మాత్రమే. జప్తుతో అది తీరును. ఒప్పుకొన్న పనిని విడిచి పోయిన కూలివాడు చేసినది నేరము, దానికి చెఱసాల. కలరాకు జడిసి పాఱిపోయినవాడు తన భయమునకు తగిన కారణమున్నదని మేజిస్ట్రేటు నెదుట చెప్పుకొనవలసినదే.

మద్రాసునుండి బయలుదేరిన దారి రేణిగుంట, కడప, తాడిపత్రి, గుత్తి, ఆదవాని మీదుగా సాగి, 1871లో రాయచూరున బొంబాయిదారిని కలిసికొనెను. సముద్రమునుండి సముద్రమునకు బండి నడచెనని రాజధానులలో సంతోషించిరి. ఐదేండ్లకే, 1876లో, ధాత కరువు పుట్టి 1878 వఱకు దక్షిణదేశమును కాల్చెను. ఆ దారి నడచు బళ్లారి, కర్నూలు, కడప మండలములే మిక్కిలి నలిగినవి. రైలు ధాన్యమును తెచ్చెను. తెచ్చినను, కొనుటకు చేత కాసు లేనివానికి స్టేషనులో మూటలుండి ఫలమేమి? జనము కరువుపనులకు పోయి మట్టి త్రవ్విరి, కంకర కొట్టిరి. 1877లో రిచర్డ్ టెంపుల్ మగవానికి దినమునకు పౌను ధాన్యమును, కొలది నాణెమును చాలునని నిర్ణయించెను. పనిచేయు దేహమునకు అది చాలదని మద్రాసు పారిశుధ్య కమీషనరు కార్నిష్ వాదించెను. కొన్ని నెలలకు ఆ కొలత పెంచబడెను. ఆ నడుమ పౌను ధాన్యముతో తట్ట మోసినవారి బాధ ఏ పద్దునను చేరలేదు.

కరువులను ఆపుటకు రైలుదారులు పెంచవలెనని 1880లో కరువు సంఘము సలహా చెప్పెను. పిమ్మట గుంతకల్లునుండి నల్లమల లోయలు దాటి బెజవాడకు ఒక దారి వచ్చెను. నైజాము రాజ్యమున సికిందరాబాదునుండి వరంగల్లు మీదుగా మఱియొకటి 1889లో బెజవాడ చేరెను. 1893లో కృష్ణపై వంతెన లేచెను. ఇక మిగిలినది గోదావరి. రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును నడుమ ప్రయాణికులు పడవలపై నది దాటవలసి యుండెడిది.

గోదావరి వంతెనకు 1897 నవంబరులో పని ప్రారంభమయ్యెను. నడిపిన ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్. 150 అడుగుల వంతున 56 ఖానాలు. నదిలో పునాది వేయుటకు బావులు దించుదురు. ఇసుకపై ఇనుప వలయము నుంచి, దానిపై గుండ్రని గోడ కట్టుదురు. లోపలి యిసుకను తోడినకొలది గోడ తన బరువుచే దిగును. దిగినకొలది పైన వరుసలు పేర్చుదురు. అడుగున బండయో మ్రానో అడ్డుపడినచో నీటిలో మునిగి తొలగించువారు దిగవలెను. ఒక ప్రక్క ఇసుక హెచ్చుగా తోడిన బావి ఒరిగిపోవును. నది ఉప్పొంగులోగా బావి నిలుకడ చెందవలెను. కావున వేసవి అంతయు పగలు రాత్రి పనియే. ఇట్లు మూడేండ్లు నిండకుండనే పని ముగిసి, 1900 ఆగస్టులో బండి నడచెను. వంతెనకు మద్రాసు గవర్నరు హావ్‌లాక్ పేరు పెట్టిరి. ఆ వంతెన 1997 వఱకు బండ్లను మోసి విశ్రమించెను. దానిపై నుండి గోదావరిలో కాసులు వేసి నమస్కరించిన తరములెన్నో! ఆ నమస్కారము తెలియకయే నీటి అడుగున బావులు దించినవారికిని చేరెనని తలంచుట తప్పు కాదు.

పని ముగిసిన పిదప ఇంజనీరు మఱియొక వంతెనకు పోవును. కూలివాడును మఱియొక కట్టకు పోవును. ఇంజనీరు తిరుగుటకు ఉద్యోగమని పేరు. కూలివాడు తిరుగుటకు దిమ్మరితనమని పేరు వచ్చెను. రెండు దారులు రాయచూరున కలిసిన 1871లోనే నేరస్థజాతుల చట్టము పుట్టెను. 1911లో అది మద్రాసు రాజధానికిని విస్తరించెను. వడ్డెరలలోని కొన్ని శాఖలను ఆ పట్టికలో చేర్చిరి. తాతలు కట్టలు పోసిన దారి ప్రక్కన మనుమలు పోలీసు ఠాణాలో పేరు వ్రాయించుకొనవలసిన గతి పట్టెను. కొలతపుస్తకమున చోటు దొరకని పేరు అనుమానపు పుస్తకమున చేరెను. స్వతంత్రము వచ్చిన పిదప, 1952లో, ఆ చట్టము రద్దయ్యెను. పనిలో గాయపడినవానికి పరిహారమీయవలెనను చట్టము 1923లోనే వచ్చినది గాని, నాటికి పెద్ద దారులలో చాలభాగము పూర్తియైనది. భోర్ ఘాటుకు గాని, గోదావరికి గాని ఆ చట్టము వెనుకకు పోయి చేయగలిగినది లేదు.

ఇటీవలి చరిత్రకారులు ఈ లోటును గుర్తించిరి. ఇయన్ కెర్ అను పండితుడు 1995లో వెలువరించిన గ్రంథమున ఈ దేశపు రైలునిర్మాణమును కూలివారి చరిత్రగా వ్రాసెను. అట్టి గ్రంథములు గుత్తదారుల కాగితములనుండియు, ప్రభుత్వపు విచారణలనుండియు పుట్టినవి. పనివారి కాగితములు లేవు. వారి వ్రాత నేలమీదనే యున్నది.

రైలులో పోవువారు కట్టకు ఇరుప్రక్కల చూచినచో వరుసగా గుంటలు కనబడును. వానకాలమున అవి నీటితో నిండి, తుంగ మొలచి, కలువలు పూచి, కొంగలకు మేతస్థలములగును. ప్రయాణికులు వానిని సహజమైన మడుగులని తలంచుదురు. కట్టకై మట్టి తీసిన గుంటలవి. ఒక్కొక్క గుంట ఒక్కొక్క కుటుంబము చేసిన పనికి కొలత. పూర్వము సగరపుత్రులు అఱువదివేలమంది యజ్ఞాశ్వమును వెదకుచు భూమిని త్రవ్వి, అచటనే భస్మమైరి. వారిలో ఒక్కొక్కని పేరు పురాణమున లేదు గాని, వారు త్రవ్విన పల్లమునకు సాగరమని పేరు నిలిచినది. ఉప్పరులు తాము సగరులమని, ఆ వంశమువారమని చెప్పుకొందురు. ఆ మాట పురాణప్రమాణముతో తేలునో లేదో పండితులు చూచుకొందురు గాక! రైలుకట్టల ప్రక్కనున్న గుంటలను చూచినవారికి మాత్రము ఆ మాటలోని సత్యము వేఱొక ప్రమాణము లేకయే తెలియును.

గ్రామములలోని వడ్డెర, ఉప్పర కుటుంబములలో తాతముత్తాతలు ఏ కట్టపై పనిచేసిరో, ఏ ఏటివంతెనకు రాయి కొట్టిరో చెప్పుకొను మాటలు ఇంకను మిగిలియున్నచో, వానిని వ్రాసి గ్రామ గ్రంథాలయములలో భద్రపఱచుట మంచిది. రాజుల చరిత్రలున్న బీరువాలో ఆ నాలుగు కాగితములకు చోటు చాలకపోదు. కొలతగాడు పడగొట్టించిన దిమ్మె తిరిగి నిలువదు. కాని సాక్ష్యము చెప్పుటకు అక్షరము కలదు.